పేరు తెలియని మరలు

ఎముకలు, కీళ్ళ గురించి తప్ప మరేదీ వ్రాయని నేను ఈసారి బోల్టుల గురించి, నట్టుల గురించి వ్రాస్తున్నాను. విసుగు చెందకుండా చివరి వరకూ చదవండి. మీ ఇంట్లో ఎవరి తొడలోనైనా, ముంజేతిలోనైనా లోహపు ప్లేటు ఉంటే ఈ మాటలు మీకు పనికివస్తాయి.

మా అబ్బాయి ఇంగ్లండులో ఉద్యోగం చేస్తున్నాడు. క్రిందటి వేసవిలో మేము వెళ్ళేసరికి వాడి షెడ్డులో సగం కట్టిన కారు ఒకటి కనిపించింది. ఆ దేశంలో ఇదొక వ్యసనం. కంపెనీ విడిభాగాలను ఒక కట్టగా అమ్ముతుంది, కొన్నవారు ఇంటి దగ్గరే బిగించుకుంటారు. 1957లో వచ్చిన కాలిన్ చాప్‌మన్ లోటస్ సెవెన్ ఈ పద్ధతిలోనే పేరు తెచ్చుకుంది. పూర్తిగా తయారైన కారు మీద అప్పట్లో కొనుగోలు పన్ను ఉండేది, విడిభాగాల కట్ట మీద ఉండేది కాదు. 1973లో ఆ పన్ను పోయినా సరదా మాత్రం పోలేదు. మావాడు కొన్నది ఆ పోలికలోని బండే. ఇంజను, చక్రాల సామగ్రి పాత ఫోర్డ్ సియెర్రాలోంచి తీసినవి. మొదలుపెట్టిన పెద్దమనిషి మధ్యలో విడిచిపెట్టి, మిగిలిన సామానంతా నాలుగు బిస్కెట్ డబ్బాలలో పోసి అమ్మేశాడు. ఏ డబ్బా మీదా ఒక్క అక్షరం లేదు.

"నాన్నా, నువ్వు ముట్టుకోకు, చేతులు పాడవుతాయి" అన్నాడు వాడు. ముప్పై ఐదేళ్ళు ఎముకలలోకి మరలు బిగించిన చేతులవి! మర్నాడే పాత దినపత్రికలు పరచుకొని కూర్చున్నాను.

బోల్టును గుర్తుపట్టాలంటే ముందు దాని తల చూడాలి. 8.8, 10.9 వంటి అంకెలుంటే అది మిల్లీమీటర్ల జాతి. 8.8 అంటే చదరపు మిల్లీమీటరుకు సుమారు 800 న్యూటన్ల దగ్గర తెగుతుంది. అందులో నూటికి ఎనభై పాళ్ళ వరకూ శాశ్వతంగా సాగకుండా నిలుస్తుంది. అంకెలకు బదులు గీతలుంటే అంగుళాల జాతి కావచ్చు: మూడు గీతలు మధ్య రకం, ఆరు గీతలు గట్టి రకం. ఏ గుర్తూ లేనివాటిని నేను వేరే డబ్బాలో వేశాను. మూగ బోల్టును చక్రం దగ్గర బిగించకూడదు. ఇక ఆ కాలపు ఫోర్డ్ భాగాల మీద ఉండే సంఖ్యలో మొదటి రెండంకెలు సాధారణంగా ఆ భాగపు నమూనా గీసిన సంవత్సరాన్ని చెబుతాయి. అది తయారైన ఏడు కాదు. ఈ తేడా గ్రహించడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ఒక లావుపాటి బోల్టు మాత్రం ఎక్కడా ఇమడలేదు. వెర్నియర్ పెడితే 11 మిల్లీమీటర్లకు కొంచెం ఎక్కువ చూపింది. బండిలో అటువంటి రంధ్రమే లేదని మావాడు దానిని పారవేయబోయాడు. చివరికి తేలినదేమిటంటే, అది అంగుళంలో పదహారింట ఏడు వంతుల బోల్టు, సీటు బెల్టును చట్రానికి పట్టి ఉంచేది. మిగతా బండి అంతా మిల్లీమీటర్లలో ఉన్నా, చాలా కార్లలో ఈ ఒక్క బోల్టు అంగుళాల కొలతలోనే ఉంటుంది. ముందు అద్దానికి కొట్టుకొని చీలిన ముఖాలను ఎన్నింటినో చూసినవాడిని. దానిని తుడిచి విడిగా కాగితంలో చుట్టి పెట్టాను.

అంతకన్నా భయపెట్టినది బ్రేకు గొట్టపు నట్టు. 10 మిల్లీమీటర్ల నట్టు, అంగుళంలో ఎనిమిదింట మూడు వంతుల నట్టు చూపుకు కవల పిల్లలు. రెండవది అర మిల్లీమీటరు సన్నం. మరచుట్ల మధ్య దూరం ఒకదానికి 1 మిల్లీమీటరు, రెండవదానికి 1.06. సన్నది లావు రంధ్రంలోకి వేళ్ళతోనే హాయిగా తిరుగుతుంది, పానా వేస్తే బిగిసినట్లే ఉంటుంది. కానీ అది పట్టుకున్నది మరల కొసలను మాత్రమే. బ్రేకును బలంగా తొక్కినప్పుడు గొట్టంలోని ఒత్తిడి 70 బార్లు దాటవచ్చు. మన రక్తపోటు 120 అనుకుంటే, అది నాలుగు వందల రెట్లకు పైమాట. పాత యజమాని రెండు చోట్ల అలాగే బిగించి వదిలాడు. వేలితో కదిలిస్తే నట్టు అటూ ఇటూ ఊగడమే మాకు దొరికిన ఆధారం.

మధ్యలో ఒక మాట. వెనుక చక్రపు డ్రమ్ము విప్పగానే మావాడు గాలి గొట్టం తెచ్చి దుమ్ము ఊదబోయాడు. నేను కేక వేశాను. బ్రిటన్‌లో ఆస్‌బెస్టాస్ బ్రేకు పట్టీలను 1999లో నిషేధించారు. అంతకు ముందువాటిలో అది ఉండవచ్చు. ఆ నూలుపోగులు ఊపిరితిత్తుల పొరకు తెచ్చే కాన్సరు దశాబ్దాల తరువాత బయటపడుతుంది. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టేశాము. మన రోడ్డు ప్రక్క షెడ్లలో కుర్రవాళ్ళు ఈ దుమ్మును ముఖం మీదికే ఊదుకుంటూ ఉంటారు. మీ బండి బాగుచేసే అబ్బాయికి దయచేసి ఈ మాట చెప్పండి.

ఆ డబ్బాలు ముందు పెట్టుకొని కూర్చున్నప్పుడల్లా నాకు ఒక రోగి గుర్తుకు వచ్చేది. పదకొండేళ్ళ క్రితం వేరే ఊరిలో తొడ ఎముకకు ప్లేటు వేయించుకున్న రైతు. చీము పట్టింది, ప్లేటు తీయవలసి వచ్చింది. కాగితాలు వానకు తడిసిపోయాయన్నాడు. 4.5 మిల్లీమీటర్ల మామూలు మరల తలలో ఆరు మూలల గుంట ఉంటుంది, దానికి 3.5 మిల్లీమీటర్ల డ్రైవరు సరిపోతుంది. ఎక్స్‌రే చూసి అదే అనుకున్నాను. తెరిచి చూస్తే కొన్నింటి తలలలో నక్షత్రపు గుంట ఉంది. ఆ డ్రైవరు మా దగ్గర లేదు. వేరే ఆసుపత్రి నుంచి తెప్పించేలోగా నేను ఉన్న డ్రైవరుతోనే ప్రయత్నించి రెండు మరల తలలు అరగదీశాను. వాటిని డ్రిల్లుతో తొలిచి తీయవలసి వచ్చింది. గంటలో ముగియవలసిన శస్త్రచికిత్స మూడు గంటలు పట్టింది, రెండు సీసాల రక్తం ఎక్కించాము. డ్రైవరు వచ్చేదాకా ఆగి ఉండవలసింది. ఆ తొందర నాదే.

అమర్చే ప్లేటు, మర, కృత్రిమ కీలు ప్యాకెట్ల మీద తరచు కంపెనీ పేరు, సంఖ్య ఉన్న స్టిక్కర్లుంటాయి. ఒకటి ఆసుపత్రి రికార్డులో అంటిస్తారు. రెండవది మీ డిశ్చార్జి కాగితం మీద అంటించమని అడగండి. స్టిక్కరు లేకపోతే కంపెనీ పేరు, కొలతలు వ్రాయించుకోండి. పేస్‌మేకరు ఉన్నవారు దానితో ఇచ్చిన కార్డును పర్సులోనే ఉంచుకోవాలి. ఎమ్మారై తీయవచ్చో లేదో దాని మోడలును బట్టి నిర్ణయిస్తారు. ఈ కాగితాలన్నింటినీ ఫోనులో ఫొటో తీసి ఇంట్లో మరొకరికి కూడా పంపించండి. మా అబ్బాయి ఇప్పుడు డబ్బాలన్నింటి మీదా చీటీలు అంటించాడు.