మేము దాటవేసిన పాఠము

ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశించిన తొలి సంవత్సరములలో మేము వేరొక యూరి పాఠశాలలో జీవశాస్త్రము బోధించుచుంటిమి. హృదయమును గూర్చి యుత్సాహముతోను, ఊపిరితిత్తులను గూర్చి చిత్రపటముల సాయముతోను చెప్పెడివారము. మూత్రపిండముల పాఠము వచ్చినంతనే మా కంఠస్వరము తగ్గెడిది. వెనుక వరుసలో బాలురు ముసిముసి నవ్వులు నవ్వెడివారు. బాలికలు తలలు వంచుకొనెడివారు. "ఈ భాగమును ఇంటివద్ద చదువుకొనుడు, పటమును రెండుమారులు గీచి తెండు" అని చెప్పి తరువాతి పాఠమునకు సాగిపోయెడివారము. నల్లబల్లపై పటము గీయు విధమును, ప్రశ్నలడుగు విధమును ట్రెయినింగు కాలేజీలో నేర్చితిమి గాని, సిగ్గును జయించు విధమును నేర్వలేదు.

ఆ దినములలో నొక మధ్యాహ్నము తరగతి నడుచుచుండగా ఒక బాలిక లేచి, "మాష్టారూ, ఒక్కసారి బయటికి వెళ్లి వస్తానండీ" అని యడిగెను. "గంట కొట్టేదాకా ఆగలేవూ?" అని మేము గద్దించితిమి. తరగతి నవ్వెను. ఆమె కూర్చుండెను, మరల నేనాడును అడుగలేదు. కొన్ని వారములకు పిమ్మట ఆమె బడికి వచ్చుట మానెను. జ్వరము, వణకు, నడుమునకు పైన వెన్నుప్రక్క నొప్పి. మేము చూడబోగా ఆమె తల్లి మాకు పీట వేసి, కొంతసేపు ఊరకుండి యిట్లనెను: "అయ్యగారూ, బడి ఉన్న రోజున మా పిల్ల పొద్దుటినుంచీ నీళ్లు తాగదండీ. తాగితే మధ్యలో లేవాల్సి వస్తుందని భయమండీ."

ఆమె మమ్మును నిందింపలేదు. నిందించియుండిన మాకు కొంత యూరట కలిగెడిది. మూత్రాశయమున చేరిన సూక్ష్మజీవులు మూత్రపిండము వరకు ప్రాకినవని చెప్పి వైద్యురాలు మందులిచ్చిరి. దేవుని కృపచే బాలిక స్వస్థురాలయ్యెను. ఇట్టి రోగమునకు కారణములు పెక్కులు గలవనియు, నీరు త్రాగకుండుటయు, బిగబట్టుకొని యుండుటయు దానికి తోడ్పడుననియు వారే మాకు తెలిపిరి. ఆ తోడ్పాటులో మా గద్దింపునకును భాగము గలదని మేమెరుగుదుము.

ఆ వారమే మేము దాటవేసిన పాఠమును మరల తెరచితిమి. మాంసపు దుకాణమునుండి మేక మూత్రపిండమొకటి తెప్పించి, నిలువుగా రెండు చెక్కలుగా కోసి, పింగాణీ పళ్లెమున నుంచి అందరకు చూపితిమి. మానవుని మూత్రపిండమును ఇట్లే చిక్కుడుగింజ యాకారము గలదై, సుమారు 11 సెంటీమీటర్ల పొడవును, 150 గ్రాముల తూకమును కలిగి, వెన్నెముకకు ఇరుప్రక్కల నొక్కొక్కటిగా నుండును. పైన కాలేయముండుటచే కుడిది యెడమదానికంటె కొంచెము క్రిందుగా నుండును. కోసిన చెక్కలో వెలుపలి భాగము వల్కలము. లోపలి చారల భాగము దవ్వ. నడుమ గరాటువలె నున్న తెల్లని చోటు ద్రోణి. ద్రోణినుండి బయలుదేరిన మూత్రనాళము 25 మొదలు 30 సెంటీమీటర్ల వరకు దిగి మూత్రాశయమును చేరును.

కంటికి కనబడునది ఇంతమాత్రమే. అసలు పనితనము సూక్ష్మదర్శినికే గోచరమగును. ఒక్కొక్క మూత్రపిండమున సుమారు 10 లక్షల నెఫ్రానులు గలవు. నెఫ్రాను మొదట కేశనాళికల చిన్న యుండ యొకటి, దానిని గిన్నెవలె చుట్టుకొనిన గుళిక యొకటి యుండును. ఈ యుండలను గూర్చి 1666లో ఇటలీ దేశీయుడగు మాల్పీగి ప్రకటించెను. గుళికకును నాళికకును గల సంబంధమును 1842లో ఆంగ్లేయుడగు బౌమన్ వెల్లడించెను. వారు సిగ్గుపడి చూపు మరల్చుకొనియుండిన మనకీ జ్ఞానమెక్కడిది?

రెండు మూత్రపిండములలోను కలిపి దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవము వడియగట్టబడును. నేడు ఇండ్లకు వచ్చు 20 లీటర్ల నీళ్లడబ్బాలు తొమ్మిది! కాని మూత్రముగా వెలువడునది ఒకటిన్నర లీటరు మాత్రమే. తక్కినదంతయు మరల రక్తమును చేరును. నాళిక తొలిభాగపు కణములకు లోపలివైపున మొఖమలు నూగువంటి సన్నని పోగులు దట్టముగా నుండి, చక్కెరను, లవణములను, నీటిని తిరిగి గైకొనును. పిమ్మట నాళిక ఉట్టివలె క్రిందికి దిగి, వంగి, మరల పైకెక్కును. దీనినే హెన్లీ శిక్యమందురు. దేహము దప్పిగొన్నపుడు ఈ యేర్పాటు తోడ్పాటున నీరు పొదుపు చేయబడి మూత్రము చిక్కనగును. ఆ బాలిక దేహము బడి దినములందెల్ల చేసినది ఈ పొదుపే.

మూత్రాశయపు లోపొర మరియొక వింత. ఖాళీగా నున్నపుడు దాని పైవరుస కణములు గొడుగులవలె ఉబికియుండును. నిండినకొలది పలుచనై సాగును, చినుగవు. అది సుమారు 400 మొదలు 500 మిల్లీలీటర్ల వరకు పట్టును. క్రింద మూతివద్ద రెండు కండరవలయములు గలవు. లోపలిది మన యాజ్ఞకు లోబడదు. వెలుపలిది మాత్రమే లోబడును. బిడ్డ లేచి యడిగినదనిన, ఆ వెలుపలి వలయము చాలసేపటినుండి కాపలా కాయుచున్నదని యర్థము. అది పొగరు గాదు. స్త్రీలకు ప్రసేకము సుమారు 4 సెంటీమీటర్లే యగుటచే సూక్ష్మజీవులు సులభముగా లోనికెక్కును. పారు ధార వానిని కడిగివేయును. నిలిచిన నీట అవి వృద్ధిపొందును.

పాఠము ముగియునప్పటికి తరగతిలో నవ్వులు లేవు. "రెండును చెడిపోతే ఏమవుతుందండీ?" అని యొక బాలుడడిగెను. 1943లో హాలండున విలెం కోల్ఫ్ అను వైద్యుడు కృత్రిమ మూత్రపిండముతో చికిత్స ప్రారంభించిన కథ చెప్పితిమి. నేడును అట్టి యంత్రమునకు రోగి సాధారణముగా వారమునకు మూడుమారులు, మారునకు సుమారు నాలుగు గంటలు, తన రక్తమును అప్పగింపవలెను. శ్రీకాకుళము జిల్లా ఉద్దానపు గ్రామములలో ఈ కష్టమును ఎన్నో కుటుంబము లెరుగును. పిడికిలియంత అవయవము రాత్రింబవళ్లు ఊరకయే చేయుచున్న పని విలువ అప్పుడుగాని మనకు తెలియదు.

ఇంటికి వచ్చి యా రాత్రి బైబిలు తెరచితిమి. 139వ కీర్తనలో మన తెలుగువారు అంతరింద్రియములని తర్జుమా చేసిన చోట హెబ్రీ మూలముననున్న మాటకు మూత్రపిండములనియే యర్థము. భక్తుడు స్తుతిలో పలుకుటకు సిగ్గుపడనిదానిని తరగతిలో పలుకుటకు మేము సిగ్గుపడితిమి.

బాలికల మరుగుదొడ్డి తలుపునకు గడియ లేదని మాకు తెలిసినదియు ఆ వారముననే. దానిని వేయించుటకు ఒక్క పూట పట్టెను. మా తరగతి గుమ్మమున నొక మేకు కొట్టి చెక్కబిళ్ల తగిలించితిమి. వెళ్లదలచినవారు అడుగనక్కరలేదు, బిళ్ల తీసికొని పోయి, వచ్చి మరల తగిలింపవలెను. తిరిగివచ్చిన యా బాలిక కొన్నాళ్లు దానిని ముట్టలేదు. ఒకనాడు లేచి తీసికొని వెళ్లెను. ఎవరును తలయెత్తి చూడలేదు. మేమును నల్లబల్లపై వ్రాయుచునే యుంటిమి.

విద్యార్థులారా, దాహమైనపుడు నీరు త్రాగుడు. అవసరమైనపుడు లేచి వెళ్లుడు. తల్లిదండ్రులారా, మీ బిడ్డ బడిలో నీరు త్రాగుచున్నదా యని యొక్కమారు అడుగుడు. ఆ చెక్కబిళ్ల మాతోకూడ ఈ పాఠశాలకును వచ్చినది. నేడును మా తరగతి గుమ్మముననే యున్నది.