పైన పేరు, లోపల నంబరు



మన కొల్లూరులో ఇల్లు మారడం ఇప్పుడు మామూలు మాట. 2023లో 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ళు ప్రారంభమైనప్పటి నుండి ఎక్కడెక్కడి వారో వచ్చి మన మధ్య ఉంటున్నారు. అలా వచ్చిన ఒక కుటుంబం కొత్త టీవీ కొనుక్కొని, పాత సోనీ టీవీకి పెట్టుకున్న వైఫై అడాప్టర్‌ను మందిరానికి ఇచ్చారు. దాని పేరు యూడబ్ల్యూఏ-బీఆర్100. కొత్త టీవీలో వైఫై లోపలే వచ్చింది గనుక వారికి దానితో పని లేదు.

మందిరంలోని పాత కంప్యూటర్‌కు మాత్రం వైఫై లేదు. ఆ వారమే ఒక ఆడబిడ్డ దోస్త్ ఐడీ, పిన్ కాగితం మీద రాసుకొని వచ్చింది. "అయ్యగారూ, కాలేజీ ఆప్షన్లు పెట్టాలె. ఇంట్ల ఒక్కటే ఫోన్, నాన్న షిఫ్టుకు తీస్కపోతడు. రేపటితోని టైమ్ అయిపోతది" అంది. తండ్రిది పటాన్‌చెరు వైపు రాత్రి డ్యూటీ. ఫోను చిన్న తెర మీద అన్ని కాలేజీలు, కోర్సులు పోల్చి వరుస పెట్టుకోవడం కష్టం.

అడాప్టర్ పెట్టి చూశాము. కంప్యూటర్ దాన్ని ఎరగనట్టే ఉండిపోయింది. అది టీవీ కోసం చేసిన వస్తువు. దాన్ని నడిపే డ్రైవర్ కంప్యూటర్‌లో లేదు. మన యువకుల్లో ఒకరు లినక్స్ మింట్ ఉన్న పెన్‌డ్రైవ్ తెచ్చారు. కంప్యూటర్‌లో ఏదీ చెరపకుండా, పెన్‌డ్రైవ్ నుండే దాన్ని నడపవచ్చు. అలా నడిపితే అడాప్టర్ వెంటనే పని చేసింది. ఆ తమ్ముడి ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపాము. రాత్రి పది లోపు ఆ బిడ్డ ఆప్షన్లు పెట్టేసింది.

కారణం అడిగితే ఆ తమ్ముడు చూపించాడు. యూఎస్‌బీ వస్తువు ప్రతిదీ పెట్టగానే తన నంబరు చెప్పుకుంటుంది. దీని నంబరు 0411:017ఎఫ్. పైన సోనీ అని ఉన్నా, 0411 అనేది బఫెలో అనే కంపెనీ నంబరు. లోపలి చిప్ అథెరోస్ వారిది. ఆ చిప్‌లను నడిపే డ్రైవర్ 2010లోనే లినక్స్‌లో చేరింది. ఈ నంబరును కూడా ఎవరో దాని జాబితాలో ఒక వరుసగా రాసి పెట్టారు. కొల్లూరు ఎక్కడుందో వారికి తెలియదు, ఈ బిడ్డ ఎవరో తెలియదు. అయినా ఆ వరుస ఈమెకు అక్కరకు వచ్చింది.

ఆ బిడ్డ తండ్రి మెడలోని కార్డు మీద హెల్పర్ అని ఉంటుంది. గేటు దగ్గర అదే రాసుకుంటారు. రాత్రులు నిలబడి బిడ్డను డిగ్రీ గడప దాకా తెచ్చిన సంగతి ఆ కార్డు మీద ఉండదు. మన పక్కన కూర్చునే వారిని మనమూ కార్డు చదివినట్టే చదువుతున్నామేమో, ఈ వారం ఆలోచించండి.

మీ ఇళ్ళలో మూలన పడిన ఇలాంటి అడాప్టర్లు ఉంటే పారవేయకండి. ఆదివారం ఆరాధన తర్వాత తీసుకురండి, పెట్టి చూద్దాము. దరఖాస్తులు నింపాల్సిన పిల్లలకు శనివారం సాయంత్రం కంప్యూటర్ తెరిచి ఉంటుంది.

దీవెనలతో,
మీ కాపరి