బేపూర్ తీరాన మోకుల విద్య

కోజికోడ్ నగరానికి దక్షిణంగా సుమారు 10 కిలోమీటర్ల దూరంలో చాలియార్ నది అరేబియా సముద్రాన్ని చేరుకుంటుంది. ఆ సంగమానికి ఉత్తరపు ఒడ్డున ఉన్నది బేపూర్, దక్షిణపు ఒడ్డున చాలియం. 1531లో పోర్చుగీసువారు కోట కట్టుకున్నదీ, 1571లో సామూతిరి సేనలు దానిని నేలమట్టం గావించినదీ ఈ చాలియంలోనే. 1861లో కేరళ నేలపై వేసిన మొట్టమొదటి రైలుమార్గం తిరూరు నుంచి వచ్చి ముగిసినది ఈ నదీముఖం వద్దనే. మలయాళ కథకుడు వైక్కం ముహమ్మద్ బషీర్ బేపూర్‌లో స్థిరపడి, 1994లో అక్కడే కన్నుమూశాడు. నేటికీ పాఠకులు ఆయనను బేపూర్ సుల్తాన్ అనే పిలుచుకుంటారు.

అయినా ఈ ఊరి పేరు అరబ్బు రేవులలో మారుమోగడానికి కారణం ఉరు అనే కొయ్య ఓడ. నదికి ఎగువన నీలంబూరు అడవులున్నాయి. టేకును నాటి పెంచే పద్ధతి 1840లలో మొదలైన చోటు అది. ఆ అడవుల కలప చాలియార్ ప్రవాహం వెంట తేలి వచ్చి బేపూర్ గట్టున ఓడగా రూపుదిద్దుకొనేది. ఓడ నమూనాను కాగితం మీద గీయడం ఇక్కడి ఆచారం కాదు. కొలతలన్నీ పెద్ద మేస్త్రీ మనసులోనే ఉంటాయి. పూర్వం పలకలను కొబ్బరి తాళ్ళతో కుట్టేవారు, తరువాత ఇనుప మేకులు వచ్చాయి. పలకల సందులలో దూది కూరి, నీరు చొరకుండా మెత్తుతారు. ఒక పెద్ద ఉరు పూర్తి కావడానికి ఏళ్ళు పట్టవచ్చు.

ఓడ పూర్తయిన తరువాతనే అసలు చిక్కు ఎదురవుతుంది. వందల టన్నుల బరువున్న ఆ కాయం పొడి నేల మీద నిలిచి ఉంటుంది. నీరు కొద్ది దూరంలోనే ఉన్నా, ఆ కొద్ది దూరమూ దాటించేదెవరు? ఇక్కడ వడ్రంగి పక్కకు తప్పుకొని ఖలాసీకి చోటిస్తాడు.

ఖలాసీ అన్న మాట తెలుగువారికి కొత్తది కాదు. విశాఖపట్నం రేవులోనూ, ఒకప్పటి రైల్వే వర్క్‌షాపులలోనూ బరువులు మోసి, గొలుసులు లాగి, క్రేను కింద నిలబడి పనిచేసిన వారికి ఆ పేరే ఉండేది. బేపూర్, చాలియం ప్రాంతాల మాప్పిళ ముస్లింలలో మాత్రం అది ఒక కులవృత్తి వంటిది. తండ్రి దగ్గర కొడుకూ, మేనమామ దగ్గర మేనల్లుడూ చిన్నతనం నుంచే తాడు పట్టి నేర్చుకున్న విద్య.

వారి సామగ్రి చూచినవారికి ఆశ్చర్యం కలుగుతుంది. మోకులు, కప్పీలు, దొర్లే దుంగలు, పలకలు, గునపాలు, ఒక తిరుగుడు రాట, దాదాపు ఇంతే. మలయాళంలోనూ కప్పిని కప్పి అనే అంటారు. తిరుగుడు రాట అంటే నేలలో గట్టిగా బిగించిన చట్రంలో నిలువుగా తిరిగే మొద్దు. దాని తలలోని రంధ్రాలలో పొడవాటి కర్రలు దూర్చి, గానుగ చుట్టూ ఎద్దు తిరిగినట్లు మనుషులు తిరుగుతారు. మోకు మొద్దుకు చుట్టుకుంటూ ఉంటే అవతలి కొసన ఉన్న బరువు కదులుతుంది.

ఇందులో మాయ ఏమీ లేదు, ఉన్నదల్లా లెక్క. మొద్దు కేంద్రం నుంచి అంచుకు అర అడుగు దూరం ఉన్నదనీ, కర్ర పట్టుకున్న మనిషి కేంద్రానికి 6 అడుగుల దూరంలో నడుస్తున్నాడనీ అనుకుందాం. అతని బలం మోకు వద్ద 12 రెట్లవుతుంది. పదిమంది ఒక్కొక్కరు 20 కిలోల బలంతో నెడితే మోకుపై 2,400 కిలోల లాగుడు పడుతుంది. ఆ మోకును కప్పీల గుండా నాలుగు వరుసలుగా తిప్పితే అది 9,600 కిలోలకు చేరుతుంది. రాపిడి వల్ల ఇందులో గణనీయమైన భాగం నష్టమైనా, పదిమంది మనుషులు కొన్ని టన్నుల బలంతో లాగగలుగుతారు. ఓడ అడుగున దుంగలు దొర్లుతూ ఉంటే, దానిని ఈడ్చడానికి కావలసిన బలం దాని బరువులో కొద్ది భాగమే. ఇటువంటి రాటలు నాలుగైదు కలిస్తే కొండంత ఓడ కూడా లొంగుతుంది.

అయితే ప్రకృతి ఉచితంగా ఏదీ ఇవ్వదు. పై లెక్క ప్రకారం రాట చుట్టూ ఒక ప్రదక్షిణ చేయడానికి మనిషి సుమారు 38 అడుగులు నడవాలి. ఆ నడకకు ఓడ కదిలేది 9 అంగుళాలు. మోకు మొద్దుపై నిండిపోయినప్పుడల్లా పని ఆపి, బరువును కట్టుదిట్టం చేసి, మోకును విప్పి మళ్ళీ చుట్టుకోవాలి. వెనుక మిగిలిన దుంగలను ముందుకు తెచ్చి వేయాలి. ఓడ నీటిని తాకే సమయానికి సముద్రపు పోటు కూడా అనుకూలించాలి. అందుకే ఒక ఉరును నీటిలోకి దింపడం రోజుల తరబడి సాగుతుంది. చూడవచ్చిన వారికి విసుగు పుట్టవచ్చు గాని, ఖలాసీ ప్రాణానికి రక్ష ఆ నిదానమే. అంగుళాల లెక్కన కదిలే బరువు దారి తప్పితే ఆపడానికి వ్యవధి ఉంటుంది, పరుగెత్తే బరువుకు ఆ అవకాశం లేదు.

ఈ పనిలో ప్రమాదం బరువు దగ్గరే పొంచి ఉంటుందని కొత్తవారు భ్రమపడతారు. నిజానికి బిగిసిన మోకు అంతకంటె భయంకరమైనది. తెగిన క్షణంలో అది తనలో దాచుకున్న బలమంతా వెనక్కి విసురుతుంది. నైలాను మోకు బాగా సాగుతుంది కనుక దాని దెబ్బ మరీ ఘోరం. మనిషి కాలు విరగవచ్చు, ప్రాణమే పోవచ్చు. అందుచేత లాగుతున్న మోకు సూటిలో ఎవరూ నిలబడరాదు. మోకు కప్పి వద్ద మలుపు తిరిగితే, ఆ మలుపు లోపలి వైపున అడుగు పెట్టడం ఆత్మహత్యతో సమానం. కప్పిని పట్టి ఉంచిన కట్టు ఊడితే మోకు ఆ కోణమంతా ఊడ్చుకుంటూ సూటిగా సాగుతుంది. ఆ కట్టుపై పడే భారమూ తక్కువది కాదు. మోకు సమకోణంలో తిరిగితే దాని లాగుడుకు 1.41 రెట్లు, వెనక్కి మళ్ళితే 2 రెట్లు. మోకు లెక్క చూచుకొని కప్పి కట్టు లెక్క మరచినవారు ప్రపంచమంతటా ప్రాణాలు పోగొట్టుకున్నారు.

బరువును రెండు తాళ్ళతో పైకెత్తేటప్పుడు మరొక సూక్ష్మం ఉన్నది. తాళ్ళు నేలకు 60 డిగ్రీల వాలున ఉంటే ఒక్కొక్క దానిపై బరువులో 58 శాతం పడుతుంది. 45 డిగ్రీలకు అది 71 శాతమవుతుంది. 30 డిగ్రీలకు దిగితే ప్రతి తాడుపైనా మొత్తం బరువంత భారం పడుతుంది. బడిలో త్రికోణమితి చదువుకోని ఖలాసీ కూడా తాడు వాలు చూడగానే తల అడ్డంగా ఊపి, పొడవైన తాడు తెమ్మంటాడు. మోకుకు ముడి వేస్తే దాని బలం దాదాపు సగానికి పడిపోవచ్చునన్న సంగతి కూడా అతనికి చేతివేళ్ళతోనే తెలుసు.

బరువును లాగే మోకులు ముందు ఉంటే, దానిని వెనక్కి పట్టి ఉంచే మోకులు వెనుక ఉంటాయి. పల్లపు నేలలో అవే ముఖ్యం. ఆ వెనుక మోకును ఒక గుంజకు రెండు మూడు చుట్లు తిప్పి, కొసను ఒక మనిషి చేత పట్టుకుంటాడు. పొగరుబోతు ఎద్దును గుంజకు మెలివేసి పట్టిన రైతుకు ఈ రహస్యం తెలిసినదే. మూడు చుట్లు తిప్పిన మోకు రాపిడి పట్టిన చేతి బలాన్ని వందల రెట్లు చేయగలదు. కొస కాస్త వదులు చేస్తే మోకు జారుతుంది, బిగిస్తే నిలుస్తుంది. కండలు తిరిగిన యువకుడి కంటె తొందరపడని పెద్దమనిషి ఇక్కడ మెరుగు.

అందరికీ ఒకే గొంతు వినిపించాలి. ఆజ్ఞ ఇచ్చేవాడు ఒక్కడే ఉంటాడు. ఆగమని మాత్రం ఎవరైనా కేక వేయవచ్చు, ఆ కేక విన్న తక్షణం అందరూ ఆగవలసినదే. పాట పుట్టినది కూడా ఈ అవసరం నుంచే. గోదావరి పడవవారి హైలెస్సా వలె, ఖలాసీల పాటలో ఒకడు చరణం అందిస్తే తక్కినవారు పల్లవి పలుకుతారు. పలికిన చోట బలం పడుతుంది, ఊపిరి తీసే చోట పట్టు సడలకుండా ఉంటుంది. పదిమంది వేర్వేరు క్షణాలలో నెడితే మోకు కుదుపులకు లోనవుతుంది. నిలకడైన లాగుడుకు తట్టుకునే మోకు కుదుపుకు తెగవచ్చు.

ఈ విద్య ఓడల గట్టు దాటి బయటకు వెళ్ళిన సందర్భం 1988 జూలై 8 తరువాత వచ్చింది. ఆనాడు కొల్లం సమీపాన పెరుమణ్ వంతెన మీద ఐలాండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పింది. బోగీలు అష్టముడి సరస్సులో పడి 105 మంది మరణించారు. బోగీలను వెలికితీసే పనికి బేపూర్ ఖలాసీలను రప్పించారు. మామూలు రైలు బోగీ ఖాళీగానే 40 టన్నులకు అటు ఇటుగా తూగుతుంది. క్రేనుకు గట్టి నేల కావాలి, అది బరువుకు దగ్గరగానూ ఉండాలి. సరస్సు నడుమ ఆ రెండూ దొరకవు. పైగా బురద తనలో కూరుకున్న వస్తువును పీల్చి పట్టుకుంటుంది. దానిని ఒక్క ఊపున పెరికితే పట్టు హఠాత్తుగా వదిలి తాళ్ళు తెగుతాయి. మోకును బిగించి, నీరు బురదలోకి ఇంకి పట్టు సడలే దాకా వేచి ఉండాలి. పైకి వచ్చిన కొద్దీ నీటి ఆసరా తగ్గి బరువు పెరుగుతుంది, లోపలి నీరు కారిపోవడానికీ వ్యవధి ఇవ్వాలి. పైకెత్తేది ఇనుమే అయినా, లోపల ఎవరి బిడ్డ ఉన్నదోనన్న ఎరుక ఆ చేతులకు ఉండవలసిందే.

తెలుగునాట దీనికి సాటి రాగల ఘట్టం 2019లో జరిగింది. సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద గోదావరిలో మునిగిన పర్యాటకుల పడవను అక్టోబరు 22న ఒడ్డుకు చేర్చినది కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం. వారికి యంత్రాల సాయమూ, నీటిలోకి దిగిన గజఈతగాళ్ళ సాయమూ ఉన్నాయి. అయినా లోతైన సుడిగుండాల అడుగున కంటికి కానరాని పడవకు లంగరు తగిలించి, ఇనుప మోకుతో లాగడంలో ఉన్న నేర్పు బేపూర్ నేర్పుకు దగ్గరి చుట్టమే.

నేడు ఉరుల కోసం వచ్చే అరబ్బు ధనికులకు అవి సరకుల ఓడలుగా కాక విలాస నౌకలుగా ఎక్కువగా కావాలి. గట్టున ఓడల సంఖ్య తగ్గితే ఖలాసీకి పని తగ్గుతుంది. గల్ఫ్ దేశాల జీతం ఎదురుగా ఉండగా, రాట చుట్టూ 38 అడుగులు నడిచి 9 అంగుళాలు సాధించే పనికి యువకులు రాకపోతే వారిని తప్పుపట్టరాదు. అయితే ఈ విద్య పుస్తకాలలోకి ఎక్కినది స్వల్పం. ఒక తరం పని లేక ఊరుకుంటే, తరువాతి తరానికి నేర్పే చేయి మిగలదు.

ఇప్పటి మోకులలో నైలానూ, ఉక్కు తీగలూ చేరాయి. కొబ్బరి పీచు మోకు వాటి ముందు బలహీనమే, అయితే ఉప్పునీటికి ఓర్చుకుంటుంది, నీటిపై తేలుతుంది. తడిసిన నార మోకును చుట్టగా చుట్టి మూలన పడవేస్తే లోలోపల కుళ్ళుతుంది. అందువల్ల పని ముగిశాక దానిని నీడలో వ్రేలాడదీసి ఆరబెడతారు. మరుసటి పనికి ముందు జానెడుకొకచోట పురులు విప్పి లోపల చూస్తారు. పోగులు పొడిగా రాలితే ఆ మోకు బరువుకు పనికిరాదు. పొరపాటున కూడా మరొకరు దానిని కప్పికి ఎక్కించకుండా అక్కడికక్కడే ముక్కలుగా కోసివేస్తారు.