చిన్న పాపాల కాటా

మా సత్తెనపల్లి వైపు క్రైస్తవ కుటుంబాల్లో 'గుంటనక్కలు' అనే మాట వినకుండా పెరిగిన ఆడపిల్ల ఉండదేమో. పరమగీతంలో ద్రాక్షతోటల్ని పాడుచేసే ఆ చిన్న జంతువుల మీద శుక్రవారం ఉపవాస కూడికలో గంటసేపు ప్రసంగం నడుస్తుంది. హత్య, వ్యభిచారం లాంటివి మీరెలాగూ చెయ్యరు, మిమ్మల్ని చెడగొట్టేవి చిన్నవే, కనిపెట్టుకుని ఉండండి అన్నది దాని సారాంశం. ఆ తర్వాత జాబితా వస్తుంది. చాడీలు, గొణుగుడు, టీవీ సీరియళ్లు, తలలో పూలు, చెవులకు కమ్మలు, భర్తకు ఎదురు చెప్పడం, పక్కింటావిడ చీర మీద ఆశ. పగటిపూట కూడికకు వచ్చేది ఎక్కువగా ఆడవాళ్లే కాబట్టి నక్కలన్నీ ఆడనక్కలే అయిపోతాయి కాబోలు. మగవాళ్ల తాగుడు మాత్రం పెద్ద పాపాల లెక్కలోకి పోతుంది. దానికొక గౌరవం కూడా ఉంది. మానేశాక మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పుకోవచ్చు. గొణుగుడు మానేశానని సాక్ష్యం చెప్పిన ఆడమనిషిని నేనింతవరకు చూడలేదు.

పరిశోధన చేసే రోజుల్లో వాలెరీ సైవింగ్ 1960లో రాసిన వ్యాసం చదివాను. పాపమంటే గర్వం, తనను తాను హెచ్చించుకోవడం అని వేదాంత పండితులు చెప్పేది మగవాళ్ల అనుభవమేనని ఆమె వాదన. స్త్రీలకున్న ప్రమాదం వేరు. అల్పమైన విషయాల్లో చెదిరిపోవడం, తనకంటూ ఒక కేంద్రం లేకపోవడం, ఇతరుల కోసం తనను తాను పూర్తిగా పోగొట్టుకోవడం. ఆ లెక్కన చూస్తే, ఆడవాళ్లను రోజంతా కమ్మలూ పూల గురించి మథనపడమనే గుంటనక్కల ప్రసంగమే వాళ్లను ఆ పాపంలోకి తోస్తోంది! చదివినప్పుడు ప్రాణం లేచొచ్చింది. కానీ సైవింగ్ స్త్రీ ఇంటిపట్టున పిల్లల్ని పెంచుకునే అమెరికా మధ్యతరగతి తల్లి. ఆమె పక్కన మా అమ్మమ్మను కూర్చోబెడితే ఇద్దరికీ మాట కలవదు.

అమ్మమ్మ పాలెంలో పుట్టి, మిరపచేలల్లో పత్తిచేలల్లో వంగి పనిచేసిన మనిషి. చిన్న పాపాల విషయంలో మాత్రం పాస్టరుగారి కంటే పట్టుదల ఎక్కువ. రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆ రోజు చేసినవన్నీ తలుచుకుని ప్రభువుకు ఒప్పజెప్పేది. అయితే ఆ లెక్కలో కమ్మలుండేవి కావు. పత్తి తీతలకు కేజీకింత అని కూలి. బరువు రావాలని సంచిలో పత్తి మీద నీళ్లు చిలకరించడం, పక్కదాని సాలులో నుంచి నాలుగు కాయలు లాక్కోవడం ఆమె దృష్టిలో పాపాలు. మరి సంచి బరువనీ తేమనీ చెప్పి ఆసామి తీసే తరుగు? "నేను గుప్పెడు తీస్తే దొంగతనం, ఆయన రెండు కేజీలు తీస్తే యవ్వారం. అదేందో ఆ కాటాకే తెలియాల" అనేది.

ఆమెకు బల్ల అంటే భయం. ఎవరి మీదైనా కోపం ఉంచుకుని ప్రభువు బల్లలో చెయ్యి వెయ్యకూడదని నమ్మకం. అందుకని మొదటి ఆదివారానికి ముందు రోజు కుళాయి దగ్గర పోట్లాడిన వాళ్లింటికి తనే వెళ్లి సమాధానపడేది. అక్కడి నుంచి నేరుగా కూలిడబ్బులు బాకీ ఉన్న ఆసామి ఇంటికి. "అయ్యా, మీ మీద మనసులో కష్టంగా ఉంది. రేపు బల్ల తీసుకోవాల. నా కూలి నాకిచ్చేస్తే నా పాపం తీరిపోద్ది." చిన్నప్పుడు అది అమాయకత్వం అనుకునేదాన్ని. ఇప్పుడు ఆలోచిస్తే పగ అనే చిన్న పాపాన్ని తన గుండెలో నుంచి తీసి ఎవరి గుమ్మంలో పెట్టాలో ఆమెకు బాగా తెలుసనిపిస్తుంది. ఆయన ప్రతిసారీ ఇచ్చేవాడని కాదు. అడగడానికి ఆమెకొక తేదీ ఉండేది.

ఇది అమ్మమ్మ ఒక్కతే కనిపెట్టింది కాదు. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ, 1866 నుంచి పనిచేసినవాడు, క్రైస్తవులైన మాదిగలకు చెప్పిన ముఖ్య నియమాలు మూడే. ఆదివారం పనికి పోవద్దు, చచ్చిన గొడ్డు తినవద్దు, విగ్రహాలకు మొక్కవద్దు. కరువు చివర్లో, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నది ఈ కట్టుబాట్లతోనే. వినడానికి చిన్న నియమాలు. కానీ ఊరి రైతులు పిలిచిన రోజున కోతకు వెళ్లి తీరవలసిన వెట్టివాళ్లు ఆదివారం రామని చెప్పడం, చచ్చిన గొడ్డును ముట్టమని చెప్పడం ఊరి కట్టుబాటునే కదిలించాయి, దెబ్బలూ తెచ్చాయి. అప్పుడు చిన్న పాపం జోలికి పోకపోవడమంటే ఆసామికి ఎదురు నిలబడడం. అది ఎప్పుడు, ఏ దారిన నడిచి ఆడవాళ్ల చెవుల దగ్గరికీ జడల దగ్గరికీ వచ్చి ఆగిందో ఎవరైనా పరిశోధించాలి. పాలెంలో నాలుగిళ్లు చదువుకుని ఉద్యోగాల్లోకి వచ్చాక పరువుకు కొలత ఇంటి ఆడవాళ్లే అయ్యారని నా అనుమానం.

యాకోబు పత్రికనే చూడండి. నాలుక గురించిన మూడో అధ్యాయం మీద మా సంఘంలో నేను విన్న ప్రసంగాలకు లెక్కలేదు. అదే పత్రికలో రెండో అధ్యాయంలో బంగారు ఉంగరం పెట్టుకుని వచ్చి మంచి చోట కూర్చునేవాడు మగవాడే. ఐదో అధ్యాయంలో పొలం కోసిన కూలీల దగ్గర బిగపట్టిన కూలి మొరపెడుతుంది. ఆ అధ్యాయం చివర్లోని స్వస్థత ప్రార్థన వినిపించినంతగా మొదట్లోని ఈ కూలి మాట వినిపించదు.

ఓ ఏడాది స్త్రీల ఆదివారం నాడు నన్ను మాట్లాడమన్నారు. ఆ ఐదో అధ్యాయం చదివి, అమ్మమ్మ బల్ల సంగతి చెప్పాను. అయిపోయాక ఒక సంఘపెద్ద దగ్గరికొచ్చి, "బాగా చదువుకున్నావమ్మా, కానీ ఇవాళ ఆడవాళ్ల రోజు గదా, వాళ్లకు పనికొచ్చేది చెప్తే బాగుండేది" అన్నారు. ఆయన పత్తి తీతలకు కూలీలను తోలే మేస్త్రి కూడా. నేను జవాబు వెతుక్కునేలోపే ఆయన దృష్టి బయటికి పోయింది. వేపచెట్టు కింద ఐదారుగురు నిలబడి, పోయిన వారం ఎవరి సంచిలో ఎంత తరుగు తీశారో వేళ్ల మీద లెక్క వేసుకుంటున్నారు.