మాస్కో పత్రికల్లో లండన్

పక్కింటివాడి గురించి మనం చెప్పే మాటల్లో పక్కింటివాడెంత కనిపిస్తాడో, మనమూ అంతే కనిపిస్తాం. దేశాల సంగతీ ఇంతే. పాత సోవియట్ పత్రికలు బ్రిటన్‌ను చూపిన తీరు తలచుకున్నప్పుడల్లా నాకిదే అనిపిస్తుంది.

మా విద్యార్థి దశలో 'సోవియట్ భూమి' తెలుగులోనే వచ్చేది. నున్నటి కాగితం, రంగుల బొమ్మలు! చదివాక పుస్తకాలకు అట్టలేసుకోవడానికీ పనికొచ్చేది. పాఠాల్లో ఇంగ్లండంటే పార్లమెంటు, షేక్‌స్పియర్. సోవియట్ పత్రికల్లో మాత్రం సమ్మెలు, నిరుద్యోగం, ఉత్తర ఐర్లండులో సైన్యం. తెల్లదొరల పాలన చవిచూసిన వాళ్ల బిడ్డలం కదా, ఈ రెండో బొమ్మే మాకు ముచ్చటగా ఉండేది.

బొమ్మంటే నిజంగా బొమ్మే. మాస్కోలో 1922లో మొదలైన వ్యంగ్యపత్రిక పేరు 'క్రొకొదీల్', అంటే మొసలి. ఆ కాలపు సోవియట్ కార్టూన్లలో బ్రిటిష్ దొరకు పొడుగు టోపీ తప్పనిసరి. బోరిస్ యెఫీమోవ్ అనే చిత్రకారుడు విదేశాంగ మంత్రి ఆస్టిన్ చేంబర్లేన్‌ను ఒంటికంటి అద్దంతో సహా గీసి ఆటపట్టించాడు.

అయితే వెక్కిరింత ఒక్కోసారి ఎదురు తిరుగుతుంది. 1976 జనవరిలో సోవియట్ సైనిక దినపత్రిక 'క్రాస్నయా జ్వెజ్దా', అప్పటికింకా ప్రతిపక్ష నాయకురాలిగానే ఉన్న మార్గరెట్ థాచర్‌ను 'ఉక్కు మహిళ' అంది. తిట్టుగానే అంది. ఆవిడ వారం తిరక్కుండానే ఆ తిట్టును సభలో బిరుదులా చెప్పుకుంది. 1979లో ప్రధాని అయ్యాక కూడా ఆ పేరే నిలిచింది.

అసలు విషయం ఇంకొకటుంది. 1984–85లో బ్రిటిష్ బొగ్గు గని కార్మికులు ఏడాదిపాటు సమ్మె చేస్తే సోవియట్ పత్రికలు వాళ్ల కష్టాలను విరివిగా రాశాయి. రాసింది అబద్ధమా? కాదు. ఆ ఇళ్లలో పొయ్యి వెలగని రోజులు నిజం. కానీ 1962లో తమ దేశంలోనే నొవొచెర్కాస్క్ పట్టణంలో ధరల పెంపును నిరసిస్తూ సమ్మెకట్టిన కార్మికులపై కాల్పులు జరిగి ఇరవై మందికి పైగా చనిపోతే, అవే పత్రికలు నోరు మెదపలేదు.

1989 జూలైలో సోవియట్ గని కార్మికులే సమ్మెకు దిగారు. వాళ్ల కోర్కెల్లో ఒకటేమిటో తెలుసా? సబ్బు! గనిలోంచి పైకొచ్చి మసి కడుక్కోవడానికి సబ్బు బిళ్ల కరువైంది. వేల మైళ్ల అవతలి గని కార్మికుడి కన్నీళ్లు కనిపించిన పత్రికలకు, సొంత కార్మికుడి ముఖాన మసి అన్నేళ్లూ కనిపించలేదన్నమాట. గురివింద గింజకు తన కింది నలుపు తెలియదంటారు. ఇక్కడ తెలియక కాదు, చెప్పనివ్వక.

మిత్రులారా! ఏ పత్రిక చేతికొచ్చినా, సెల్‌ఫోనులో ఏ వార్త చూసినా, అది ఎవరిని తిడుతోందన్నది సరే. తన ఇంటి గురించి ఏం రాయడం లేదో కూడా అడగండి. ఆ ప్రశ్న మన పత్రికలకూ వర్తిస్తుంది. ఈ సంచికకూ వర్తిస్తుంది.