ఒక గజము దూరము

మన పాఠశాల వార్షిక సంచికకు ఏదైన వ్రాసి పంపుమని పంతులుగారు కోరినపుడు, దూరదేశమున నుద్యోగము చేసికొనుచున్న నాకు చెప్పదగినదేమున్నదాయని కొన్నాళ్లు సంశయించితిని. తుదకు నేను చూచిన యొక యాటను గూర్చియు, అది ముగిసిన పిమ్మట చెలరేగిన వాదమును గూర్చియు వ్రాయ నిశ్చయించుకొంటిని. ఆ వాదమున నందఱికంటె బిగ్గరగా నఱచినవాడను నేనే. కావున నిది పరులను దూషించుటకు వ్రాసినది కాదు.

అది 2015వ సంవత్సరము ఫిబ్రవరి 1వ తేదీ, ఆదివారము. అమెరికాలోని సియాటిల్ నగర సమీపమున ఒక మిత్రుని యింట తెలుగువారము పదిమందిమియు, ఇరుగుపొరుగు అమెరికనులు నలుగురును టెలివిజను ముందు కూర్చుండియుంటిమి. అరిజోనా రాష్ట్రమందలి గ్లెండేల్‌లో ఆ దేశపు ఫుట్‌బాల్ పోటీలలో కడపటిదియు, మిక్కిలి గొప్పదియునగు సూపర్ బౌల్ జరుగుచుండెను. మా నగరపు జట్టు సీహాక్స్. ప్రత్యర్థులు న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్. అంతకుముందు సంవత్సరము మావారు డెన్వర్ జట్టును 43–8 పాయింట్లతో నోడించి విజేతలైనందున మా యుత్సాహమునకు మేర లేకుండెను.

విద్యార్థులారా! మీరు మన మైదానమున నాడు ఫుట్‌బాలు వేఱు, ఇది వేఱు. ఇందు బంతి కోలగా నుండును. కాలితో తన్నుట తక్కువ, చేత పట్టుట హెచ్చు. పక్షమునకు 11 మంది. గీతనుండి గీతవఱకు మైదానము 100 గజములు. దాడి చేయు పక్షమునకు నాలుగు ప్రయత్నములు. వానిలో 10 గజములు సాగినచో మరల నాలుగు లభించును. బంతిని పొదివికొని పరుగెత్తవచ్చును, లేదా ముందున్న వానికి విసరవచ్చును. ప్రతి ప్రయత్నమునకు ముందు ఏ యెత్తు వేయవలయునో నిర్ణయించుట సాధారణముగా అఫెన్సివ్ కోఆర్డినేటర్ అను శిక్షకుని పని. ఆ యెత్తు రేడియో మూలముగా క్వార్టర్‌బ్యాక్ శిరస్త్రాణమున వినబడును. ఇదంతయు నొక నిమిషములోపల జరుగవలెను.

మొదటి సగము ముగియుటకు 6 సెకండ్లు మాత్రమే యుండగా, మావారు లక్ష్యమునకు 11 గజముల దూరమున నుండిరి. బంతిని కంబముల నడుమనుండి తన్ని మూడు పాయింట్లు గైకొనుట క్షేమము. విసరి విఫలులైనచో కాలము గడచి ఆ మూడును పోవచ్చును. అయినను ప్రధాన శిక్షకుడు పీట్ కారొల్, కోఆర్డినేటర్ డారెల్ బెవెల్ విసరుటకే సాహసించిరి. క్రిస్ మాథ్యూస్ ఆ బంతిని పట్టెను. ఆట 14–14గా సమమయ్యెను. “ధైర్యమనగా నిట్లుండవలెను!” అని మేమందఱము చప్పట్లు కొట్టితిమి.

ఆ మాథ్యూస్ అంతకుముందు ఆ లీగులో నొక్క పాసైనను పట్టి యెఱుగడు. వానిని చూచి ప్రత్యర్థి శిక్షకుడగు బిల్ బెలిచిక్ ఆట నడుమనే తన యేర్పాటు మార్చెను. దేహపుష్టిగల బ్రాండన్ బ్రౌనర్‌ను అతనికి కావలి యుంచి, మాల్కమ్ బట్లర్ అను క్రొత్త యువకుని మైదానమునకు బంపెను. మేమా మార్పును గమనింపనైన లేదు.

తుదిఘడియ వచ్చెను. మావారు 24–28తో వెనుకబడియుండిరి. మార్షాన్ లించ్ అను మహాబలుడు నాలుగు గజములు దూసికొనిపోయి, లక్ష్యమునకు ఒక్క గజము దూరమున బంతిని నిలిపెను. అది రెండవ ప్రయత్నము. మిగిలినది 26 సెకండ్లు. లించ్ చేతికే బంతి వచ్చునని యెదురు చూచితిమి. క్వార్టర్‌బ్యాక్ రస్సెల్ విల్సన్ బంతిని విసరెను. ఆ బట్లరే ముందుకుఱికి దానిని హరించెను. ఆట యంతటితో ముగిసినట్లే.

ఇంట నిప్పు పడినట్లయ్యెను. “లించ్ ఉండగా విసరుటేమి?” అని ఒకరు, “పసిపిల్లవాడైనను ఆ యెత్తు వేయడు” అని యొకరు. “ఆ కోఆర్డినేటర్‌ను రేపే వెడలగొట్టవలెను” అంటిని నేను. మా పొరుగున నుండు వృద్ధుడు, విశ్రాంతి పొందిన యుపాధ్యాయుడు, మా యఱపులు చల్లారువఱకు నూరకుండి, ఒక కాగితము దీసికొని లెక్క వేసెను.

“మిగిలినవి మూడు ప్రయత్నములు, 26 సెకండ్లు, గడియారము నాపు టైమవుట్ ఒక్కటి. పరుగెత్తి ఆగిపోయినచో గడియారము నడచుచునే యుండును. విసరినది నేల బడినచో నది యాగును. మూడు ప్రయత్నములును జరుగవలెనన్నచో వానిలో నొకటి విసరుట కావలెను. పరుగును అడ్డుటకు ప్రత్యర్థులు బలిష్ఠులను నిలిపియుండిరి కూడ.” ఇట్లు చెప్పి మఱియొక మాట యనెను: “అయితే తప్పు లేదనను. కిక్కిరిసిన నడుమకు గాక, మనవానికి దప్ప నితరులకు అందని మూలకు విసరవలసియుండెను. ఆ విమర్శ న్యాయమే. కాని, మీరు సాయంకాలము చప్పట్లు కొట్టిన సాహసమునకును దీనికిని భేదమేమి? ఆ బంతి చిక్కినది, ఈ బంతి చిక్కలేదు. అంతియే కదా?”

నాకు మాట రాలేదు. అమెరికనులు ఇట్టి విమర్శకులను ‘సోమవారపు ఉదయపు క్వార్టర్‌బ్యాకులు’ అని యెగతాళి చేయుదురు. అయిపోయిన పెండ్లికి మేళము వంటిదే యిది.

ఆ ప్రశ్న నన్ను 2002వ సంవత్సరమునకు గొంపోయెను. నేనపుడు మన పాఠశాలలో తొమ్మిదవ తరగతి. మా నాయన ఆ యేడు తొలివానకే చేనంతయు వేరుసెనగ విత్తెను. జూలై నెలలో చినుకు పడలేదు. విత్తనము నేలలోనే మాడెను. ఊరివారు రచ్చబండ వద్ద నవ్విరి. అంతకు కొన్నేండ్ల క్రిందట తొలివానకే విత్తి బండ్లకొలది కాయలు తెచ్చినపుడు, ఆ రచ్చబండ వద్దనే వారాయనను పొగడిరి. సెలవులకు ఇంటికి బోయిన నేను, “మీరు ఆగియుంటే మాకీ అప్పు లేకపోవును” అంటిని. ఆయన బదులు చెప్పలేదు. పదమూడేండ్లు మేమిరువురమును ఆ మాట నెత్తలేదు.

ఆ రాత్రి ఇంటికి ఫోను చేసితిని. మన దేశమున నప్పుడు సోమవారము ఉదయము. “నాయనా, ఆనాడు నేనన్న మాట తప్పు” అంటిని. ఏ మాటయని యడుగకయే ఆయన గ్రహించెను. కొంతసేపూరకుండి, “ఆ మబ్బు చూచినవాడెవడైనా విత్తును రా. కాని సగము చేను విత్తి, సగము ఆపియుండవలసినది. ఆ తప్పు మాత్రము నాదే” అనెను. పిమ్మట, “ఇంతకూ మీవాండ్లు ఓడిరా?” అని యడిగెను.

తరువాత మఱియొక సంగతి తెలిసికొంటిని. ఆ యాటకు ముందు సాధనలో ఆ యెత్తునే వేసి చూపగా బట్లర్ ఓడిపోయెనట. మరల నది కనబడినపుడు తడవు చేయకుండ నుఱికెను. ఆ సీజనులో ఒక గజము దూరమునుండి విసరిన పాసులలో పరులకు చిక్కినది అదియొక్కటే. మేము బెవెల్‌ను తిట్టుటయే గాని, బట్లర్ సాధనను మెచ్చుకొనుట మఱచితిమి. కారొల్ ఆ నింద తనదేయని బహిరంగముగా నొప్పుకొనెను. బెవెల్ మఱి మూడు సీజనులు ఆ పదవియందే యుండి 2018 జనవరిలో తొలగింపబడెను.

సోదర విద్యార్థులారా! విమర్శింపవలదని నేననను. ఆ వృద్ధుడును, మా నాయనయు తప్పును తప్పనియే చెప్పిరి. కాని వారు చూచినది నిర్ణయమును, మేము చూచినది ఫలితమును. మన జట్టు నాయకుడు ఒక యెత్తు వేసి యోడినపుడు గీత యవతలనుండి యఱచుటకు ముందు, అదే యెత్తు ఫలించియుండినచో నేనేమందునని యొక్క క్షణము తలంచుడు. ఇంటిలో తండ్రి విషయమునను అట్లే తలంచుడు. నాకు పదమూడేండ్లు పట్టినది. మీకంత కాలము పట్టనక్కఱలేదు.