నలుగురిలోనా... విడిగానా?

సూర్యాపేట ప్రభుత్వ వైద్య కళాశాల 2019లో 150 సీట్లతో మొదలైంది. ఎంబీబీఎస్‌కు కొత్త పాఠ్యప్రణాళిక వచ్చిందీ ఆ ఏడాదే. అందులో లాగ్‌బుక్ ఉంది, ఫీడ్‌బ్యాక్ కూడా ఉంది. ఎలా చెప్పాలన్నదే చిక్కు.

కోదాడ నుంచో, మిర్యాలగూడ నుంచో వచ్చిన రోగి మంచం చుట్టూ పదిమంది తెల్లకోట్లు. చొక్కా మీంచే స్టెతస్కోప్ పెట్టడం చాలామంది చేసే తప్పే. ఒకేసారి అందరికీ చెప్పేయొచ్చు. మరి ఒక్కరి చేయే వణికితే? నలుగురిలో అంటే ఆ అమ్మాయి మర్నాటి నుంచి వెనక వరుసలో నిలబడుతుంది. వణుకు మాత్రం పోదు. పైగా మంచం మీది పెద్దాయన అంతా వింటున్నాడాయె! రేపు ఆమెను సూది వేయనిస్తాడా?

వరండాలోకి పిలిచి రెండు నిమిషాలు మాట్లాడితే చాలు. కాకపోతే 150 మందికి రెండేసి నిమిషాలంటే ఐదు గంటలు. ఓపీ రద్దీలో అవెక్కడ దొరుకుతాయి?